మంచుగాలి చోటు

ఎర్గాలి పెళ్ళాం మాట వినే రకమైతే ఈ కథే ఉండేది కాదు. కుల్యాష్ మొదటి రోజే చెప్పింది, ఆ దిక్కుమాలిన రేడియో పెట్టె ఇంట్లో పెట్టొద్దని. ఇటుకల ఫ్యాక్టరీలో కరెంటు పని చేసే మనిషి పొద్దున ఆరింటి నుంచి రెండింటి దాకా తీగలతో కుస్తీ పట్టి, ఇంటికొచ్చి మళ్ళీ తీగలే ముందేసుకుని కూర్చుంటే ఏ ఇల్లాలికి మాత్రం నచ్చుతుంది? కానీ ఆ రోజుల్లో, స్తెప్పీ మైదానం నడుమ ఉన్న కోకోజెక్ ఊళ్ళో, అదొక అంటురోగం. పెళ్ళికాని మగాళ్ళలో సగం మందికి, పెళ్ళయినవాళ్ళలో పావు వంతుకి సోకింది. గోడ మీది సర్కారు రేడియో పొద్దస్తమానం తనే మాట్లాడుతుంది, మనల్ని ఒక్క మాట మాట్లాడనివ్వదు. తిరిగి మాట్లాడాలని కొందరికి నాలుక దురద పుట్టి, మాటని గాలిలోకి పంపే పెట్టెలు సొంతంగా కట్టుకున్నారు, అంతే.

సర్కారు అనుమతి లేని పని, దొరికితే పెట్టె పోతుంది, పైన జరిమానా. అందుకే గాలిలో ఎవరికీ అసలు పేరుండదు. ఒకడు కొంగ, ఒకడు పాత బూటు, ఒకడు గడియారం. ఒకరి గొంతు ఒకరికి సొంత అన్నదమ్ముడి గొంతులా తెలుసు. ముఖం మాత్రం బజారులో ఎదురైనా పోల్చుకోలేరు. ఒకరి గడప ఒకరు తొక్కకపోవడం వాళ్ళలో రాయని కట్టుబాటు.

ఎర్గాలి తన పెట్టె కట్టుకోవడానికి చలికాలమంతా పట్టింది. పక్కింటివాళ్ళు పారేసిన టీవీలోంచి పెద్ద వాల్వు పీకాడు. తలనూనె సీసా మీద లావుపాటి రాగి తీగ ముప్ఫై ఆరు చుట్లు చుట్టాడు. ఫ్యాక్టరీ గోదాములో ఫోను ఒకరోజు ఉన్నట్టుండి మూగబోయింది. ఎందుకు మూగబోయిందో ఎర్గాలికి తప్ప ఎవరికీ తెలియదు, ఇంట్లో మైకు మాత్రం తయారైంది. ఇంట్లో ఉన్న మామూలు రేడియో మనిషి గొంతుని పెంచుతుంది, ఆ వాల్వు దాన్ని అలల మీదికి ఎక్కించి ఏరియల్లోకి తోస్తుంది. స్విచ్చి పైకి వేస్తే మాట్లాడటం, కిందికి వేస్తే వినడం. రెండూ ఒకేసారి కుదరవు. పొగగొట్టం నుంచి పెరట్లో పావురాల గూడు దాకా నలభై మీటర్ల తీగ కట్టి, కుల్యాష్ అడిగితే బట్టలారేసుకోవడానికన్నాడు. అంత ఎత్తున బట్టలారేసే ఆడది ఈ స్తెప్పీలో ఇంకా పుట్టలేదని ఆమె బదులిచ్చింది.

పెట్టె పలుకుతోందో లేదో చూడటానికి ఒక పద్ధతుంది. టార్చిలైటు బల్బుకి తీగ ఉంగరం అతికించి ఆ రాగి తీగ చుట్ట దగ్గర పెట్టాలి. ఎర్గాలి పెట్టాడు. బ్యాటరీ లేదు, ఏమీ లేదు, బల్బు వెలిగింది. మైకులో ఒకటి, రెండు, మూడు అన్నాడు. అన్నప్పుడల్లా బల్బు పెద్దదయి, ఆపితే చిన్నదయింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న కుల్యాష్ బిస్మిల్లా అనుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

ఇక గాలిలో కూర్చోవడానికి చోటు వెతుక్కోవాలి. రేడియో డయలు మీద అంకెలన్నీ అయిపోయాక ఒక కొస మిగులుతుంది. ఊళ్ళో వాళ్ళంతా అక్కడే, సాయంత్రం చెట్టు మీద కాకుల్లా ఒకరి మీద ఒకరు పడి అరుస్తుంటారు. ముల్లు మెల్లగా తిప్పుతుంటే ఆ గోల మధ్యలో ఒకచోట వేలెడంత నిశ్శబ్దం దొరికింది. అటూ ఇటూ గొంతులు, నడుమ ఏమీ లేదు. ఎర్గాలి ఎగిరి గంతేసి అక్కడే స్థిరపడ్డాడు. కిక్కిరిసిన బస్సులో ఒక్క సీటు ఖాళీగా ఉంటే, మిగతావాళ్ళు ఎందుకు కూర్చోలేదో చూసుకుని మరీ కూర్చోవాలి. కొత్తవాడికి ఆ తెలివి ఎక్కణ్ణుంచి వస్తుంది?

మార్చి రెండో వారంలో ఒక మధ్యాహ్నం, నాలుగింటికి, మొదటిసారి పిలిచాడు. అందరికీ మిడత పలకరింపులు అన్నాడు. మిడత అని తనకు తనే పెట్టుకున్న పేరు. స్విచ్చి కిందికి వేశాడో లేదో జవాబొచ్చింది. పక్క గదిలోంచి మాట్లాడినంత దగ్గరగా ఉంది.

"మిడతా, నేను మంచుగాలిని. నా సౌండు ఎలా ఉంది?"

గాలిలో ఎవరైనా మొదట అడిగేది అదే. అద్భుతంగా ఉందని ఎర్గాలి చెప్పాడు. నిజంగానే బాగుంది, పడుచువాడి గొంతు, కాస్త బద్ధకంగా, నవ్వు కలిసి. దాని అడుగున ఒక సన్నటి ఊళ మాత్రం పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తోంది. అదేమిటని అడిగితే మంచుగాలి నవ్వాడు. అది తన తల్లట. ఆమె వినడానికి రెండు వాల్వుల రేడియో ఒకటి కట్టి ఇచ్చాడట. దాని గుండీ మోతాదు మించి తిప్పితే ఊళ పెడుతుంది, ఆ ఊళ ఆమె ఏరియల్లోంచి బయటికొచ్చి అందరి చెవుల్లోనూ పడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా వినదు, కవ్వం తిప్పినట్టు తిప్పేస్తుంది, పట్టించుకోకు అన్నాడు. బయట మంచు తుఫాను, కిటికీలోంచి పశువుల పాక కూడా కనిపించడం లేదన్నాడు. ఆఖర్న తల బరువుగా ఉంది, కాస్త నడుం వాలుస్తానని వెళ్ళిపోయాడు.

ఎర్గాలి కిటికీ వైపు చూశాడు. ఎండ కాస్తోంది, చూరు నుంచి మంచు కరిగి బొట్లు పడుతున్నాయి. వీడెక్కడో కొండల అవతలివాడై ఉంటాడు, మొదటిరోజే నా మాట అంత దూరం పోయిందన్నమాట అని మురిసిపోయాడు. మురిసిపోయేవాడికి ఎదురుగా గుంట ఉన్నా కనిపించదు.

అప్పట్నుంచి రోజూ నాలుగింటికి మంచుగాలి వచ్చేవాడు. రోజూ సౌండు ఎలా ఉందనేవాడు, రోజూ తల బరువనేవాడు. వారం గడిచాక ఎర్గాలి మాటవరసకు, మీ వైపు తుఫాను ఇంకా తగ్గలేదా అని అడిగాడు.

"ఇంకా అంటావేంటి? ఇవాళేగా మొదలైంది."

తమాషా చేస్తున్నాడనుకుని ఎర్గాలి పైకి నవ్వాడు. కానీ ఆ రోజు గదిలో బొగ్గు వాసన వేసింది. కమ్మగా, ఊపిరి మీద కూర్చునేలా, సగం కాలిన బొగ్గు వాసన. లేచి నిలబడితే కాళ్ళు తేలిపోయాయి. కుల్యాష్ పరిగెత్తుకొచ్చి పొయ్యి చూసింది. పొయ్యి చల్లగా ఉంది, పొగగొట్టం మూత తెరిచే ఉంది. ఎర్గాలి బుగ్గలు మాత్రం ఆవిరిస్నానం నుంచి వచ్చినవాడిలా ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

కోకోజెక్‌లో ఆ ఎరుపు తెలియనివాళ్ళు లేరు. బొగ్గు మండే ఊరు అది, ప్రతి చలికాలం ఒకరిద్దరు బొగ్గు విషగాలి పీల్చి ఆ బుగ్గలతో శవాలై దొరుకుతారు. కుల్యాష్ ఆ రాత్రంతా భర్త ఊపిరి వింటూ కూర్చుంది. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం ఇంటికి ఒక మనిషి వచ్చాడు. విక్టర్ లావర్ అనే జర్మన్, యాభై ఏళ్ళవాడు, బజారులో గడియారాలు బాగుచేస్తాడు. అతను నోరు తెరవగానే ఎర్గాలి ఆ గొంతు పోల్చాడు. గాలిలో గడియారం అంటే ఇతనే. కట్టుబాటు తప్పి గడప తొక్కాడంటే సంగతి మామూలుది కాదు. టీ పోస్తే ముట్టుకోలేదు, టోపీ చేతిలో నలుపుతూ నిలబడే అడిగాడు, రోజూ నాలుగింటికి నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావని.

మంచుగాలితో అన్నాడు ఎర్గాలి.

"మాకు నీ గొంతొక్కటే వినిపిస్తోంది, తమ్ముడూ. నువ్వు అడుగుతావు, ఆగుతావు, నవ్వుతావు. ఆ మధ్యలో ఊళ తప్ప ఇంకేం లేదు."

తర్వాత అతను చెప్పింది ఇది. మంచుగాలి అసలు పేరు మక్సూత్. ఎక్కడి కొండల అవతలివాడో కాదు, ఈ ఊరివాడే, రైల్వే వీధి చివర ఇల్లు. పోయిన ఏడాది మార్చి తుఫానులో, పెట్టె ముందు కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ బొగ్గు విషగాలికి పోయాడు. గాలిలో ఎవరైనా పోతే వాళ్ళు కూర్చున్న చోటు ఏడాదిపాటు ఖాళీగా ఉంచడం వీళ్ళ ఆనవాయితీ. ఆ చోటులో ఎవరూ ఈల కూడా వేయరు. కొత్తగా వచ్చిన మిడతకు చెప్పాలని ఎవరికీ తోచలేదు, ఎవరికి వాళ్ళు మరొకరు చెప్పి ఉంటారనుకున్నారు. తప్పు మాదేనన్నాడు విక్టర్. అయితే ఆ ఊళ ఎవరిదని ఎర్గాలి అడిగాడు. తల్లిది, ఆమె పేరు కానిపా, ఇంకా ఆ రేడియో ముందే కూర్చుంటుందని చెప్పి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కుల్యాష్ సుత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. "వాడు నిన్ను లాక్కుపోతున్నాడు. ఇంకో రెండు వారాలు పోతే నువ్వు చచ్చిన నలభయ్యో రోజు వంట నేను వండుకోవాలి. పగలగొడతావా, పగలగొట్టమంటావా?"

ముందు ఆ తల్లిని చూసి వస్తాను, తర్వాత నువ్వే పగలగొట్టు అన్నాడు ఎర్గాలి. ఈసారి అబద్ధమాడాలన్న ఉద్దేశం అతనికి లేదు.

కానిపా తలుపు తీసి, అతను పలకరించగానే ఎగాదిగా చూసింది. నల్లటి తలగుడ్డ, అరవై దాటిన ముఖం, చురుకైన కళ్ళు. "మిడతవి నువ్వేనా? గొంతు విని పిల్లకుంకవనుకున్నా. ఇంత పొడుగున్నావే," అంది. కూర్చోబెట్టి పాలు కలిపిన టీ పోసింది, నూనెలో వేయించిన రొట్టెలు ముందు పెట్టింది. మీ ఇద్దరి మాటలూ రోజూ వింటున్నానంది, పక్కింటి కుర్రాళ్ళ గురించి చెప్పినంత మామూలుగా.

నాలుగు కావస్తోంది. బల్ల మీద కొడుకు కట్టి ఇచ్చిన చిన్న రేడియో. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను ఒక్కటే ఉంది. దాని ఒక డొప్ప ఆమె చెవికి, ఒక డొప్ప అతని చెవికి, తలలు ఆనించుకుని కూర్చున్నారు. ఎర్గాలి పెట్టె ఇంట్లో ఆపి ఉంది, ఏరియల్ ఊడదీసి మరీ వచ్చాడు.

"మిడతా, మిడతా, మంచుగాలి పిలుస్తున్నాడు. ఏంటి, పలకవు?"

కాసేపాగి మళ్ళీ పిలిచాడు. మళ్ళీ. కోపం లేదు ఆ గొంతులో. పాక కనిపించడం లేదు, అమ్మ ఆవు దగ్గరికి వెళ్ళి ఇంకా రాలేదు, తల బరువుగా ఉంది అని తనలో తనే చెప్పుకుంటున్నాడు. గదిలో బొగ్గు వాసన నిండింది. ఎర్గాలికి భయం కన్నా ఎక్కువగా జాలి వేసింది. చీకట్లో తప్పిపోయిన పిల్లవాడు దారిన పోయేవాణ్ణి చిరునవ్వుతో ఇంటి దారి అడుగుతున్నట్టుంది. కానిపా చెయ్యి గుండీ మీదే ఉంది. కొద్దిగా తిప్పింది. ఊళ సన్నగా లేచింది. "అమ్మా, గుండీ," అన్నాడు కొడుకు, విసుగ్గా, ముద్దుగా.

ఆ గొంతు ఆగిపోయాక కానిపా చెప్పింది. ఆ రోజు తుఫాను. మధ్యాహ్నం పొయ్యి బాగా రాజుకుంది, కొడుకు బల్ల దగ్గర కూర్చున్నాడు. వేడి బయటికి పోతుందని, బొగ్గు పూర్తిగా కాలకముందే పొగగొట్టం మూత మూసేసి ఆవు దగ్గరికి వెళ్ళింది. నలభై చలికాలాలు చూసిన మనిషి. ఎప్పుడు మూయాలో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఆ రోజు మాత్రం పిల్లాడి చేతులు చల్లగా ఉన్నాయని తొందరపడింది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మూత దానంతటదే పడిందని ఊరంతా అనుకుంటోంది.

"మన వాళ్ళలో చావు కబురు ముఖాన కొట్టినట్టు చెప్పరు కదా నాయనా," అంది. "నలుగురు పెద్దలొచ్చి, పిట్ట కథో డేగ కథో చెప్పి, చుట్టూ తిప్పి మెల్లగా వినిపిస్తారు. నాకలాగే వినిపించారు. వాడికి మాత్రం ఎవరూ వినిపించలేదు. తను పోయినట్టు వాడికి తెలీదు. ఈ శనివారం వాడి ఏడాది విందు. ఆ తర్వాత వాడికి ఇక్కడ చోటుండదు, ఆ తుఫానులోనే ఉండిపోతాడు. నా పెట్టెకి చెవులే ఉన్నాయి, నోరు లేదు. నీ దానికుంది. నువ్వు చెప్పు, నా దీపమా."

మూత సంగతి కూడానా అని ఎర్గాలి మెల్లగా అడిగాడు.

"అదీ చెప్పు. నేనే మూశానని చెప్పు. సగం చెప్తే సగమే పోతాడు."

ఇంటికొచ్చి కుల్యాష్‌కి అంతా చెప్పాడు. ఒక్క రోజు, శుక్రవారం, ఆఖరిసారి అంది ఆమె. ఆ రోజు కిటికీలు రెండూ బార్లా తెరిచి, తలుపు తీసి, భర్త వెనకే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. బయట మార్చి ఆఖరు బురద వాసన. నాలుగు కొట్టేసరికి అన్ని కిటికీలు తెరిచి ఉన్నా బొగ్గు వాసనే గెలిచింది.

సౌండు ఎలా ఉందని మంచుగాలి అడిగాడు. ఎర్గాలి ఈసారి దానికి జవాబు చెప్పలేదు. నీకొక కబురు వినిపించాలి, కూర్చునే ఉన్నావా అన్నాడు.

"కూర్చునే ఉన్నా. లేవబుద్ధి కావట్లేదు. చెప్పు."

ఎర్గాలి స్విచ్చి పైకి వేశాడు. పెద్దల పద్ధతిలోనే మొదలుపెట్టాడు. స్తెప్పీలో ఒక పిట్ట గూడు కట్టిందన్నాడు. గాలి తోలిందన్నాడు. పిల్లకు చలేస్తుందేమోనని తల్లి గూటి నోరు మూసిందన్నాడు. మూసి మేతకు పోయింది, ప్రేమతోనే మూసింది, తిరిగొచ్చేసరికి గూట్లో ఊపిరి లేదు. అక్కడితో పిట్ట కథ చాలించి, ఆ పిల్లవి నువ్వే మక్సూత్ అన్నాడు. పోయిన ఏడాది మార్చిలో పోయావు, నీకు నొప్పి తెలియలేదు, నిద్రలో పోయావు, మూత మూసింది మీ అమ్మ, ఆమె తెలిసి చేసింది కాదు, ఇక లేచి వెళ్ళు, దారి తెరిచే ఉంది అన్నాడు. ఒక్క ముక్క మింగకుండా చెప్పాడు. వెనక కుల్యాష్ ఏడుస్తోంది. బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలి స్విచ్చి కిందికి వేశాడు.

గది నిండా ఊళ. చెవులు చిల్లులు పడేలా, గుండీ ఆ చివరిదాకా తిప్పేసిన ఊళ. మాట్లాడుతున్నంతసేపూ అతనికి అది వినపడే వీల్లేదు. ఎప్పుడు మొదలైందో, ఎంతసేపటి నుంచి మోగుతోందో తెలియదు. అతను వింటూండగానే మెల్లగా తగ్గింది, సన్నబడింది, ఆగిపోయింది.

"మిడతా, గూడు కట్టిందన్నదాకా వినిపించింది. తర్వాత మా అమ్మ ఊళ పెట్టేసింది, ఒక్క ముక్క అందలేదు." మంచుగాలి నవ్వాడు. "మళ్ళీ చెప్పు. తల్లి ఏం మూసింది?"

ఊళ మళ్ళీ రాలేదు. రైల్వే వీధి చివర ఆ గదిలో ఒక ముసలి చెయ్యి గుండీ మీద ఉందని ఎర్గాలికి చూసినంత స్పష్టంగా తెలిసింది. చెప్పమన్నదీ ఆమే, చెప్పనివ్వనిదీ ఆమే. ఇప్పుడు చెబితే అడ్డుపడదేమో. అడ్డుపడే శక్తి ఆమెకు అయిపోయిందేమో. కుల్యాష్ వెనక నుంచి చెప్పు, చెప్పెయ్యి అంటోంది. అతను స్విచ్చి పైకి వేశాడు. నోరు తెరిచాడు.

"ఏమీ మూయలేదు," అన్నాడు. "నీ సౌండు బాగుంది అంటున్నా. చాలా స్పష్టంగా ఉంది."

"అంతేనా," అన్నాడు మంచుగాలి, సంతోషంగా. "ఇంత తుఫానులో కూడానా? సరే, తల బరువుగా ఉంది. కాస్త నడుం వాలుస్తా."

శనివారం ఏడాది విందుకి రైల్వే వీధి వీధంతా వచ్చింది. పెద్ద కాగులో గుర్రం మాంసం ఉడికింది, మౌల్వీ ఖురాన్ చదివాడు. ఆడవాళ్ళు కానిపా నల్ల తలగుడ్డ తీసి తెల్లది కట్టి, ఇక చాలు, వాడు వెళ్ళిపోయాడు, నీ కడుపు చల్లబడాలి అన్నారు. విక్టర్ కూడా వచ్చి ఒక మూల కూర్చున్నాడు. ఏడాది నిండింది కాబట్టి ఆ చోటు ఇక ఎవరైనా వాడుకోవచ్చని ఎర్గాలితో మెల్లగా చెప్పాడు. ఎర్గాలి తల ఊపాడు. అతని బుగ్గలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. బయటి చలికని చూసినవాళ్ళు అనుకున్నారు.

కానిపా వరసలో ఒక్కొక్కరికీ టీ ఇస్తూ వచ్చింది. ఎర్గాలి దగ్గర వంగి గిన్నె చేతికిచ్చింది. ముందురోజు సంగతి ఎత్తలేదు, అతని కళ్ళల్లోకి చూడలేదు. పక్కనే కూర్చున్న కుల్యాష్‌కి మాత్రమే వినపడేంత మెల్లగా అడిగింది.

"రేపు కూడా నాలుగింటికేనా, నా దీపమా?"

కుల్యాష్ బల్లగుడ్డ కింద భర్త మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"అవునమ్మా, నాలుగింటికే," అన్నాడు ఎర్గాలి.